తిన్నాక వెయ్యండి

ఫార్మసీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ముగ్గురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. ఆదివారాలు ఏదైనా సముద్రపు పల్లెలో పిల్లలకు ఉచితంగా వైద్యం చేసే శిబిరం నడపాలని వాళ్ళ ఆలోచన. "మీరు అన్నేళ్ళు చేశారు కదా సార్, మాకేమైనా చెప్పండి" అన్నారు. టీ తాగినంతసేపూ చెప్పాను. హాలు ఎవరినడిగితే దొరుకుతుంది, మందులు ఎవరిస్తారు, బల్లలు ఎట్లా వేయాలి, ఇవన్నీ చెప్పాను. వాళ్ళు వెళ్ళిపోయాక చూసుకుంటే చెప్పవలసింది ఒక్కటీ చెప్పలేదు. బల్లలు వేయడం ఎవరైనా చెప్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. సర్కారు ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక ముప్పై నాలుగేళ్ళు నిలబడినవాణ్ణి. నా బదిలీలు, ప్రమోషన్లు ఇక్కడ రాయను. వాటి గురించి వినే ఓపిక మా ఇంట్లోవాళ్ళకే లేదు. ఆదివారాల సంగతే రాస్తాను. జువ్వలదిన్నెకు దక్షిణంగా ఉన్న ఒక జాలర్ల పాళెంలో పన్నెండేళ్ళు పిల్లల ఉచిత క్లినిక్కు నడిపాం. నా పేరు ఖాదర్. పాళెంలో మాత్రం నన్నెవరూ పేరుతో పిలవలేదు, మందుల సాయిబు అనేవాళ్ళు.

ముందే ఒక మాట. సేవ చేస్తే మనసుకు తృప్తిగా ఉంటుందని సభల్లో చెప్తుంటారు. వారంలో ఆరు రోజులు కిటికీ దగ్గర నిలబడి, ఏడో రోజు కూడా నిలబడితే మనిషికి వచ్చేది పిక్కలనొప్పి. మరి ఎందుకు వెళ్ళావంటే, నేను మానేస్తే ఆ బల్ల దగ్గర ఇంకెవరూ ఉండరని తెలుసు గనక వెళ్ళాను. అంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

తుఫాను షెల్టరు మేడ మీద

క్లినిక్కు ఆలోచన సుగుణమ్మ గారిది. ఆవిడ పిల్లల డాక్టరు. అరవై దాటాక సొంత ప్రాక్టీసు మూసేసి, ఊరికే కూర్చోలేక ఈ పని నెత్తికెత్తుకున్నారు. నన్ను పిలిచి, "మీరు మందులు చూసుకోండి, హాలు చూసుకోండి, మనుషుల్ని చూసుకోండి. నేను పిల్లల్ని చూస్తాను" అన్నారు. అంటే మొత్తం నన్నే చూసుకోమన్నట్టు. కాదనలేకపోయాను.

పాళెంలో తుఫాను షెల్టరు ఉంది. తుఫాను వచ్చినప్పుడు జనం, రానప్పుడు మేకలు అందులో ఉండేవి. మేడ మీద హాలు కడిగించి ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టేవాళ్ళం. మొదటి నెలలో మా బరువు మిషను పాడైంది. బరువు తెలియకుండా పిల్లలకు మందు కొలవడం కుదరదు. చేపలమ్మే ఆడవాళ్ళు చూసి, కిందికి వెళ్ళి వాళ్ళ చేపల తక్కెడ, ప్లాస్టిక్ ట్రే తెచ్చారు. డాక్టరమ్మ ముక్కు మూసుకుని, "ఇదేంటి ఖాదర్ గారూ" అన్నారు. ట్రేలో కూర్చోబెట్టిన మొదటి పిల్లోడు చప్పట్లు కొట్టి నవ్వాడు. వాళ్ళమ్మ మాత్రం "మా సీలావతి చేపయితే ఇంతకంటే తూగుతాది" అంది. డాక్టరమ్మకు కూడా నవ్వొచ్చింది. మూడు నెలలు ఆ తక్కెడతోనే నడిచింది. కడిగినా వాసన పోలేదు.

సుగుణమ్మ గారి దగ్గర పనిచేయడం సుఖం కాదు. ఆవిడకు ఓపిక తక్కువ, పట్టుదల ఎక్కువ. చొక్కా ఎత్తి పొట్టా డొక్కలూ చూడకుండా పిల్లవాడికి మందు రాయకూడదని ఆవిడ నియమం. ఒకసారి సాయం చేయడానికి వచ్చిన కుర్ర డాక్టరు తల్లి చెప్పింది విని గబగబా చీటీ రాసిచ్చాడు. ఆవిడ ఆ చీటీ అతని ఎదుటే చింపేసి, "మీరు తల్లికి వైద్యం చేశారు, ఇప్పుడు పిల్లవాణ్ణి చూడండి" అన్నారు. అతను మళ్ళీ రాలేదు. కొంచెం మెత్తగా చెప్పుంటే వచ్చేవాడేమో. కానీ ఆవిడ చెప్పింది తప్పు కాదు.

ఇక వాలంటీర్లు. బ్యానరు కట్టేవాళ్ళు, బిస్కెట్లు పంచేవాళ్ళు, ఫోటోలు దిగేవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళంతా చెడ్డవాళ్ళని అనను. ఒక్క ఆదివారానికి వచ్చేవాడు తనకోసం వస్తాడు, అంతే. వర్షం పడే ఆదివారం ఎవరు వచ్చారో చూస్తే మీ మనుషులెవరో తెలిసిపోతుంది. మా దగ్గర వర్షంలో మిగిలేది మేమిద్దరమే.

ఇంకొకటి కూడా అక్కడే చూశాను, కానీ అర్థం చేసుకోలేదు. ఆ పాళెం ఆడవాళ్ళు హార్బరులో చేపల వేలం దగ్గర నిలబడితే మొగాళ్ళు పక్కకు తప్పుకోవాల్సిందే. మొప్పలు ఎత్తి చూసి, వేలు పెట్టి నొక్కి, నాలుగు తిట్లు తిట్టి గానీ సరుకు కొనరు. అదే ఆడవాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్ళు. నేనేం చెప్పినా "అట్నేనన్నా" అని తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఎంత మర్యాదస్తులో అనుకునేవాణ్ణి. ఊరికే ఇచ్చేదాని గురించి ప్రశ్నలడిగితే వచ్చేసారి ఇవ్వరేమోనని వాళ్ళ భయం. అది నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

నాకు పని నేర్పినాయన

నా మొదటి ఉద్యోగం సంగం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక వరి పల్లెలో. అక్కడ చెంచయ్య గారని పెద్ద కాంపౌండరు ఉండేవారు. నాకు పని నేర్పింది ఆయనే. సీసా తీసేటప్పుడు ఒకసారి, పోసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి లేబులు చదవమనేవారు. ఆయన చేతి మీదుగా తప్పు మందు వెళ్ళడం నేను చూడలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆయనే ఇంకో మాట కూడా నేర్పారు. "ఏ మందైనా సరే, పూటకొకసారి, తిన్నాక అని చెప్పవయ్యా ఖాదరూ. కడుపులో మంటొచ్చిందని రేపొద్దున ఎవుడూ మన మీదికి రాడు."

ఆ ఊళ్ళో ఆ మాటకు ఇబ్బంది రాలేదు. రైతుల ఇళ్ళు. పొద్దున సద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. మూడు పూటలా కుండలో ఎంతో కొంత ఉండేది. పైగా మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు. పూట అన్నా, తిన్నాక అన్నా వాళ్ళకూ నాకూ ఒకటే అర్థం. ఆ మాట నా నోటికి ఎంత అలవాటైందంటే, చెప్తున్నానని నాకే తెలిసేది కాదు. మందు చెయ్యి మారుతుంటే నోరు దాని పాటికి అది అనేసేది.

ఇప్పుడు ఆలోచిస్తే, సగం మందులకు ఆ షరతు అవసరమే లేదు. పిల్లలకిచ్చే చాలా సిరప్పులు తిన్నా వేయొచ్చు, తినకపోయినా వేయొచ్చు. మా మీదికి ఎవరూ రాకూడదని పుట్టిన మాటను రోగి మేలు కోసమన్నట్టు ఇన్నేళ్ళు చెప్పాం. మీ నోటికి అలవాటైన మాటలు ఏవున్నాయో ఒకసారి కూర్చుని రాసుకోండి. ఎవరి కోసం చెప్తున్నారో పక్కన రాసుకోండి.

మస్తానమ్మ కొడుకు

వానాకాలం. సముద్రం బాగాలేక పడవలు ఒడ్డునే ఉన్నాయి. మస్తానమ్మ రెండేళ్ళు కూడా నిండని కొడుకును ఎత్తుకుని మేడ ఎక్కి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆమెతో అత్త ఆదెమ్మ కూడా వచ్చింది. పిల్లవాడికి దగ్గు, జ్వరం. డాక్టరమ్మ చొక్కా ఎత్తి, గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము మొదలైందన్నారు. యాంటీబయాటిక్ సిరప్పు రాశారు. "మందు సరిగ్గా పడితే తగ్గిపోతుంది. రెండు రోజుల్లో తగ్గకపోయినా, డొక్కలు ఎగరేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపో" అని తల్లికి చెప్పారు.

ఆ చీటీ నా బల్ల దగ్గరికి వచ్చింది. పొడిలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, కలిపి, మూత మీద గీత చూపించాను. "ఇదిగో, ఇక్కడిదాకా. మూడు పూటలా. తిన్నాక వెయ్యి" అన్నాను. "అట్నేనన్నా" అంది. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

బుధవారం మధ్యాహ్నం నేను పనిచేసే ఆసుపత్రికి ఆటోలో వచ్చారు. నేను కిటికీ వదిలి బయటికి వచ్చాను. పిల్లవాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. డ్యూటీ డాక్టరు చూసి, ఆక్సిజన్ పెట్టించి, నెల్లూరు పంపడానికి అంబులెన్సు పిలిచారు. అది వచ్చేలోపు మస్తానమ్మ చేతి సంచిలో నేనిచ్చిన సీసా కనిపించింది. తీసి చూశాను. మెడ దగ్గర కొద్దిగా తగ్గింది, అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. వరండా నిండా జనం ఉన్నారు. పక్కనే ఆదెమ్మ ఉంది. "ఏమ్మా, మందు ఎందుకు వెయ్యలేదు? చేతిలో మందు పెట్టుకుని బిడ్డను ఇంతకు తెచ్చావే" అని అరిచాను. అవును, అరిచాను.

మస్తానమ్మ నా మొహంలోకి చూసింది. "తిన్నాక వెయ్యమంటివి గదన్నా. వాడు తింటే గదా నేనేసేది" అంది. "పూటపూటకీ అన్నం పిసికి నోటి కాడ పెట్టినా. మూతి తిప్పుకున్నాడు. ఆదివారం రాత్రి రెండు ముద్దలు తిన్నాడు, అప్పుడొక్కసారి ఏసినా."

"పాలు తాగలేదా?" అన్నాను.

"పాలు తాగినాడు. బిస్కెట్టు కూడా చప్పరించినాడు. అన్నమే తినలా."

మన భాషలో "తిన్నావా" అంటే అన్నం తిన్నావా అనే. నేనూ రోజూ అదే అర్థంతో అడుగుతాను, అదే అర్థంతో జవాబు చెప్తాను. ఆ పిల్ల నేను చెప్పిన మాటను అక్షరం తప్పకుండా పాటించింది. మూడు రోజులు బిడ్డ ఒక్క ముద్ద తింటే మందు వేయొచ్చని గిన్నె పట్టుకుని కూర్చుంది.

అంబులెన్సు వచ్చింది, వెళ్ళారు. మరుసటి రోజు కబురు తెలిసింది. పిల్లవాడు పోయాడు.

ఆ ఆదివారం సుగుణమ్మ గారు నన్నడిగారు. "సీసా నిండుగా ఉందట. ఎందుకు వెయ్యలేదట?"

"ఏమో మేడమ్. తల్లి వెయ్యలేదు" అన్నాను.

ఆవిడ క్లినిక్కు పుస్తకంలో రాయమన్నారు. పిల్లవాడి పేరు పక్కన "తల్లి మందు వేయలేదు" అని నా చేత్తోనే రాశాను. ముప్పై నాలుగేళ్ళలో నేను లేబులు తప్పు రాసింది అదొక్కటే.

నోరు మార్చుకున్నాను

ఆ ఆదివారం నుంచే "తిన్నాక" మానేశాను. "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. తిన్నా తినకపోయినా వెయ్యి. పాలు తాగినా చాలు" అని చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద అక్షరాలతో అట్ట ముక్క మీద రాసి బల్ల ముందు పెట్టాను. డాక్టరమ్మ అది చూసి, "మంచి పని చేశారు ఖాదర్ గారూ, నాకు తట్టనే లేదు" అన్నారు. ఆ మెచ్చుకోలు నేను తీసుకున్నాను.

పనిలో తప్పు దిద్దుకోవడం సులువు. ఆ తప్పు ఎవరి నెత్తిన పడిందో వాళ్ళ నెత్తి మీంచి దించడమే కష్టం. మొదటిది చేసి రెండోది కూడా చేసినట్టు నన్ను నేను నమ్మించుకున్నాను. ఇన్ని వందలమంది పిల్లలకు ఇప్పుడు మందు సరిగ్గా పడుతోంది కదా అని సర్ది చెప్పుకున్నాను. నేను నిజం చెప్తే జనం క్లినిక్కుకు రావడం మానేస్తారు, నష్టపోయేది పిల్లలే అని కూడా అనుకున్నాను. ఇట్లాంటి కారణాలు మనిషికి చాలా తొందరగా దొరుకుతాయి.

అక్కడ పాళెంలో ఏం జరుగుతోందో నాకు తెలియక కాదు. వరండాలో నేను అరిచిన అరుపు ఊరంతా పాకింది. "చేతిలో మందు పెట్టుకొని బిడ్డను చంపుకునింది" అని మస్తానమ్మ గురించి అనుకునేవాళ్ళు. ఆ మాటలు నావే. సాయిబు తిన్నాక వెయ్యమన్నాడని ఆమె చెప్పుకున్నా, సాకులే అనుకున్నారు. రెండేళ్ళకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు జలుబు చేసినా, విరేచనాలైనా, ఎత్తుకుని మేడ ఎక్కేది ఆదెమ్మే. నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపేది. "నా చేతికియ్యి సాయిబా. దాని చేతికియ్యబాక" అనేది. ఆదెమ్మ చెడ్డ మనిషి కాదు. మనవణ్ణి పోగొట్టుకున్న భయం అది.

మస్తానమ్మ మేడ ఎక్కేది కాదు. కింద మెట్ల దగ్గర ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చునేది. కిటికీలోంచి నాకు కనిపించేది. కన్నబిడ్డకు జ్వరమొస్తే మందు తన చేత్తో వేసుకునే హక్కు కూడా ఆమెకు లేకుండా పోయింది. అది తీసేసింది నేను, తిరిగి ఇవ్వగలిగింది నేనొక్కణ్ణే. ప్రతి ఆదివారం ఈ రోజు చెప్పాలి అనుకుంటూ వెళ్ళేవాణ్ణి. మందులు సర్దుకుంటూ, జనం ఎక్కువున్నారులే అనుకునేవాణ్ణి. సాయంత్రం బస్సులో తల కిటికీకి ఆనించి నిద్రపోయేవాణ్ణి. ఆ రెండేళ్ళూ అట్లాగే నడిచాయి.

ఆదెమ్మ కొలత

ఆడపిల్లకు రెండేళ్ళప్పుడు చెవిలో చీము పట్టింది. సిరప్పు ఇచ్చాం, తగ్గలేదు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఇచ్చాం. మూడో ఆదివారం పిల్ల జ్వరంతో ఏడుస్తూ వచ్చింది. చెవి వెనక వాపు కూడా మొదలైంది. డాక్టరమ్మకు కోపమొచ్చింది. "ఆదెమ్మా, మందు ఎంత పోస్తున్నావు? చూపించు" అన్నారు.

ఆదెమ్మ సీసా తీసి మూతలోకి వంచింది. సగం బల్ల మీద పడింది. మూతలో అడుగున కొద్దిగా నిలిచింది. "ఇంత" అంది.

"గీత కనిపిస్తోందా నీకు?"

ఆదెమ్మ మూతను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. రెండు కళ్ళలోనూ తెల్లగా శుక్లాలు. నేను రెండేళ్ళుగా ఆ చేతిలోనే మందు పెడుతున్నాను, ఆ కళ్ళు ఒక్కసారి కూడా చూడలేదు. చొక్కా ఎత్తి చూడాలన్న నియమం డాక్టరమ్మదే గానీ నాది కాదు కదా.

"కనపడకపోతే ఏంది, అందాజాగా పోస్తా" అంది ఆదెమ్మ.

"తల్లి ఏది? తల్లిని వెయ్యమను" అన్నారు డాక్టరమ్మ.

"అదా? దాని చేతికి మందిస్తే ఏమైందో మీ పుస్తకంలోనే రాసుండారంట గదమ్మా. ఈ బిడ్డను కూడా దాని చేతిలో పెట్టమంటారా?"

డాక్టరమ్మ తల దించుకున్నారు. పుస్తకంలో ఉన్నది నిజమే అనుకుంటున్నారు. హాలులో ఇరవై, ముప్పై మంది ఆడవాళ్ళున్నారు. అందరూ ఆదెమ్మ వైపు చూసి తలలూపారు.

నాకు ఉన్నట్టుండి ధైర్యం వచ్చిందని మీరు అనుకోవద్దు. ధైర్యమేమీ రాలేదు. బాగా అలసిపోయాను, అంతే. ఆ అబద్ధాన్ని ఇంకో వారం మోసుకుని బస్సెక్కే ఓపిక ఒంట్లో లేదు. పిల్ల ఏడుస్తూనే ఉంది.

"మస్తానమ్మను పైకి పిలవండి" అన్నాను.

ఎవరో వెళ్ళి పిలిచారు. ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. మళ్ళీ ఏం తప్పు జరిగిందో అన్నట్టు ముందు బిడ్డ వైపు చూసింది.

నేను లేచి నిలబడ్డాను. "ఆదెమ్మా, పుస్తకంలో రాసింది అబద్ధం. రాసింది నేనే" అన్నాను. "మస్తానమ్మ మందు ఎగ్గొట్టలేదు. తిన్నాక వెయ్యమని నేను చెప్పాను. అన్నం తింటేనే వెయ్యాలనుకుంది. బిడ్డ తినలేదు, అందుకని వెయ్యలేదు. ఆ మందుకు తిండితో పనే లేదు. తినకపోయినా వెయ్యొచ్చు. అది చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. పైగా ఆ రోజు అందరి ముందు దాన్నే తిట్టాను. అడిగితే డాక్టరమ్మకు కూడా అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టారు.

"నాతో అబద్ధం చెప్పారా ఖాదర్ గారూ?" అన్నారు సుగుణమ్మ గారు.

"చెప్పాను మేడమ్."

ఆవిడ ఆ తర్వాత చాలా వారాలు అవసరమైన మాట తప్ప నాతో మాట్లాడలేదు. అది ఆవిడ హక్కు. క్లినిక్కు మూతపడుతుందని నేను ఇన్నాళ్ళు భయపడ్డానే, అదేమీ జరగలేదు. తర్వాతి ఆదివారం కూడా జనం ఎప్పటిలాగే వచ్చారు. ఇంకో వైద్యం వాళ్ళకు ఎక్కడుందని రాకుండా ఉంటారు.

మస్తానమ్మ మెల్లగా నడిచి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఒకటడగాల అన్నా. ఆ పొద్దు నువ్వు తినకపోయినా వెయ్యమనుంటే, నా కొడుకు బతికుండునా?"

ఇట్లాంటి ప్రశ్నకు ఆసుపత్రుల్లో మేం చెప్పే జవాబులు కొన్నున్నాయి. మన చేతుల్లో ఏముంది, రాసిపెట్టుంది, చెప్పలేం. అవన్నీ నా నాలుక దాకా వచ్చాయి.

"బతికుండేవాడేనమ్మా" అన్నాను.

ఆమె తల ఆడించింది. "ఆ మాట ఆ పొద్దే చెప్పుండాల. నాలుగేళ్ళు నేనే చంపుకున్నాననుకుంటి గదన్నా" అంది. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. క్షమించమని అడిగాను. దానికి ఆమె జవాబు చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు.

ఆదెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఏడుస్తున్న పిల్లను తన చంకలోంచి తీసి కోడలి చంకలో పెట్టింది. "ఇంద" అంది.

డాక్టరమ్మ పిల్లను మళ్ళీ చూశారు. చెవి వెనక వాపు ఉంది గనక, మొదటి మోతాదు ఇక్కడే వేయించి, ఈ రోజే పట్నంలో చెవి డాక్టరుకు చూపించాలని చీటీ రాశారు. ఆటో మాట్లాడటానికి ఒకావిడ కిందికి పరిగెత్తింది. నేను కొత్త సీసా కలిపి, మూత మీద గీత చూపించాను. మూడు పూటలా, తిన్నా తినకపోయినా, పాలు తాగినా, ఏమీ తాగకపోయినా అన్నాను.

మస్తానమ్మ మూత వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గీత దాకా పోసి, పిల్ల దవడ ఒక చేత్తో నొక్కి పట్టి నోట్లో పోసింది. పిల్ల సగం మింగి, మిగతా సగం అమ్మ రవిక మీదికి ఉమ్మేసింది.

"ఉమ్మేస్తే మళ్ళీ వెయ్యాల్నా అన్నా?"

"వెంటనే ఉమ్మేస్తే మళ్ళీ వెయ్యాలమ్మా" అన్నాను.

ఆమె మళ్ళీ పోసింది. ఈసారి పిల్ల మింగేదాకా దవడ వదల్లేదు.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నా జవాబు వినడానికి ముందుకు వంగారు. వాళ్ళలో కొందరు ఏడెనిమిదేళ్ళుగా నా దగ్గర మందు తీసుకుంటున్నవాళ్ళు. ఏ పిల్లయినా సగం మందు ఉమ్మేస్తుంది, నాకు తెలుసు. అయినా ఉమ్మేస్తే మళ్ళీ వెయ్యాలని అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, వాళ్ళెవరూ అడగలేదు.